తరగతి వల్ల పెరిగిన మార్కులా, తరగతికి వచ్చిన పిల్లల మార్కులా?

మాస్టారు గారికి నమస్కారం.

మీరు రాసినదాన్ని ముందుగా నా మాటల్లో చెబుతాను. నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. కోనసీమలోని 12 ఊళ్లలో మీ ట్రస్టు రెండేళ్లుగా మూడు, నాలుగు తరగతుల పిల్లలకు సాయంత్రం గంటన్నర సేపు ఉచితంగా చదువు చెప్పిస్తోంది. ఒక్కో ఊరిలో తరగతికొకరు చొప్పున ఇద్దరు కార్యకర్తలు ఉన్నారు. ఏడాది చివర మీరు పెట్టిన పరీక్షలో సాయంత్రం క్రమంగా వచ్చిన పిల్లల సగటు 61, అవే బడుల్లో చదువుతూ సాయంత్రం రాని పిల్లల సగటు 43. ఇప్పుడు మరో 26 ఊళ్లు అడుగుతున్నాయి, చేతిలో ఉన్న డబ్బేమో 13 ఊళ్లకే సరిపోతుంది. ఊళ్ల పేర్లు చీటీలు వేసి, చీటీ వచ్చిన ఊళ్లను రాని ఊళ్లతో పోల్చి చూడమని దాతల్లో ఒకరు అన్నారు. 18 మార్కుల తేడా కళ్లెదుట కనిపిస్తుండగా ప్రయోగం పేరుతో సగం ఊళ్ల పిల్లలను వదిలేయడం న్యాయమా అన్నది మీ ప్రశ్న.

ఆ 18 మార్కుల దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. సాయంత్రం ఆరింటికి పలక పట్టుకుని వచ్చే పిల్ల ఎవరు? ఆ వేళకు ఇంట్లో తమ్ముడిని ఎత్తుకోవలసిన పని లేని పిల్ల, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉన్న తండ్రికి క్యారేజీ పట్టుకెళ్లవలసిన అవసరం లేని పిల్ల, చదువు మీద తల్లికి పట్టుదల ఉన్న పిల్ల. పగటి బడికి కూడా నాగా లేకుండా వెళ్లేది సాధారణంగా ఆ పిల్లే. మీరు సాయంత్రపు తరగతి పెట్టకపోయినా ఆ పిల్లకు మిగతావాళ్ల కంటే ఎక్కువ మార్కులే వచ్చేవి. కాబట్టి మీకు కనిపిస్తున్న 18 మార్కుల్లో కొన్ని తరగతి ఇచ్చినవి, కొన్ని ఆ పిల్లలు తమతో తెచ్చుకున్నవి. ఏవి ఎన్ని అన్నది ఆ రెండు సగటులను ఎంతసేపు చూసినా తేలదు. తల్లిదండ్రుల చదువు, పొలం, ఇల్లు వంటివి రాసుకుని లెక్కలో సర్దుబాటు చేయవచ్చని కొందరు చెబుతారు. కొంతవరకు అది నిజమే. కానీ తల్లి పట్టుదలను ఏ ఫారంలో ఏ గడిలో రాస్తాము?

అయితే వచ్చిన పిల్లలనే ముందూ వెనకా పోలుద్దామంటే అదీ నిలవదు. ఏడాదిలో పిల్లలు ఎలాగూ ఎదుగుతారు, పగటి బడిలోనూ ఎంతో కొంత నేర్చుకుంటారు. 2022 జులైలో వచ్చినట్టు పెద్ద వరద వస్తే లంక ఊళ్లలో బడి రోజులే తగ్గిపోతాయి, ఆ నష్టం మీ తరగతి ఖాతాలో పడుతుంది. ఇంకొక మోసం కూడా ఉంది. మరీ తక్కువ మార్కులు వచ్చిన పిల్లలను ఏరి తరగతిలో చేర్చుకున్నప్పుడు, వాళ్లలో కొందరికి ఆ రోజు జ్వరం వల్లో దిగులు వల్లో మార్కులు తగ్గి ఉంటాయి. తర్వాతి పరీక్షలో వాళ్ల మార్కులు ఎవరూ ఏమీ చేయకపోయినా సగటు వైపు మళ్లుతాయి. వెనుకబడిన పిల్లలకోసం నడిచే కార్యక్రమాలు చాలా వాటిలో కనిపించే ‘అద్భుతమైన ప్రగతి’లో ఈ మళ్లింపు పాలు ఎంతో నేను పదేపదే చూశాను.

ఇవి ఊహకు తోచిన అనుమానాలు మాత్రమే కావని చెప్పడానికి కెన్యాలో జరిగిన ఒక పరిశీలన చాలు. అక్కడి బడులకు గోడకు తగిలించే పెద్ద బొమ్మల చార్టులు ఉపయోగపడుతున్నాయా అని పరిశోధకులు రెండు విధాలుగా చూశారు. అప్పటికే చార్టులున్న బడులను లేని బడులతో పోల్చినప్పుడు చార్టుల వల్ల మార్కులు బాగా పెరిగినట్టు, అంటే ప్రామాణిక విచలనంలో (పిల్లల మార్కులు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదిరి ఉంటాయన్న కొలతలో) సుమారు ఐదో వంతు మేరకు పెరిగినట్టు కనిపించింది. తర్వాత 178 బడులను తీసుకుని, వాటిలో సగానికి యాదృచ్ఛికంగా, అంటే చీటీ వేసినట్టు, చార్టులు ఇచ్చి చూస్తే తేడా ఏమీ లేదు. చార్టులు కొనుక్కోగలిగిన బడులు ముందునుంచే మెరుగైన బడులు కావడమే మొదటి పోలికలో కనిపించిన ‘ప్రభావం’. ఈ అధ్యయనం 2004లో అచ్చయింది. ఇందులో పాలుపంచుకున్న మైకేల్ క్రెమర్‌కు 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోలతో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

చీటీ వేయడమనే ఆలోచన మన డెల్టాకు కొత్తదేమీ కాదు. పెనుమంట్ర మండలంలోని మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925 నాటిది, 1982లో స్వర్ణ వరి వంగడాన్ని ఇచ్చింది అదే. రెండు వంగడాల్లో ఏది మేలో తేల్చడానికి ఒకదాన్ని కాలువ మొదట్లోని మడిలోనూ రెండోదాన్ని శివారు మడిలోనూ వేసి, మొదటిది ఎకరానికి నాలుగు బస్తాలు ఎక్కువ పండిందని చెబితే మన రైతు ఒప్పుకోడు. నీరు ముందు అందిన మడి ఎలాగూ ఎక్కువ పండుతుందని, ఆ నాలుగు బస్తాలు విత్తనానివి కావు నీటివని అతనే అంటాడు. అందుకే వంగడాల పరీక్షలో పొలాన్ని నేలను బట్టీ పారుదలను బట్టీ పట్టీలుగా విడగొట్టి, ప్రతి పట్టీలోనూ అన్ని రకాలకూ చోటిచ్చి, ఏ మడిలో ఏ రకం వేయాలన్నది మాత్రం యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్ ఈ పద్ధతికి గణిత పునాది వేశాడు. బడుల్లో చేసే ప్రయోగాలకు కూడా ఆధారం అదే. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు కాలువ మొదలు ఎవరికి, శివారు ఎవరికి అన్నదానికి చీట్లు వేసుకోవడం మనం చూసినదే. ఎవరి మొగ్గూ పంపకంలోకి రాకూడదన్న అదే కోరిక ఇక్కడా ఉంది.

చీటీ వేస్తే రెండు బృందాలూ అచ్చంగా సమానమైపోతాయని అనుకోకండి. అలా ఏమీ జరగదు. రెండింటి మధ్య మిగిలే తేడాకు తల్లి పట్టుదలతో గానీ, ఊరి పెద్దల పలుకుబడితో గానీ, మీ కార్యకర్తల ఇష్టాయిష్టాలతో గానీ సంబంధం ఉండదు, అది కేవలం అదృష్టం వల్ల వచ్చిన తేడాగా మిగులుతుంది. అదృష్టం వల్ల ఎంత తేడా రావచ్చో లెక్కకట్టవచ్చు. కనిపించిన తేడా ఆ లెక్కను దాటినప్పుడు, అది తరగతి వల్లనే వచ్చిందని ధైర్యంగా చెప్పవచ్చు. పట్టుదల వల్ల ఎంత తేడా వస్తుందో మాత్రం ఎవరూ లెక్కకట్టలేరు. ఈ పద్ధతిలోని బలమంతా ఇంతే, కానీ ఇది చాలా పెద్ద బలం.

ఇక న్యాయం సంగతి. మీ దగ్గర 26 ఊళ్లకూ డబ్బు ఉండి, ప్రయోగం కోసం 13 ఊళ్లను ఆపితే నేను కూడా మిమ్మల్ని వారిస్తాను. మీ దగ్గర అంత డబ్బు లేదు. ఎలాగూ 13 ఊళ్లు ఆగవలసిందే. ఏ ఊళ్లు ఆగాలన్నది మీరు నిర్ణయిస్తే రోడ్డు పక్కన ఉన్న ఊరు, ట్రస్టులో బంధువులున్న ఊరు, గట్టిగా అడిగిన ఊరు ముందుకు వస్తాయి. రేవు దాటి వెళ్లవలసిన లంక ఊరు వెనకపడుతుంది. చీటీ వేస్తే ఆ లంక ఊరికీ సమానమైన అవకాశం దక్కుతుంది. పైగా తరగతి పిల్లలకు మేలే చేస్తుందన్న నమ్మకం మనకు ఇంకా రుజువు కాలేదు. ఆటలాడుకునే గంటన్నరను, ఇంటి దగ్గర తల్లితో గడిపే గంటన్నరను మనం పిల్లల నుంచి తీసుకుంటున్నాము. దానికి బదులుగా ఏమి ఇస్తున్నామో తెలుసుకోవడం కూడా మన బాధ్యతే.

అయినా, ఊళ్లను ఆపవలసిన అవసరం లేని మార్గం ఒకటి ఉంది. దానికంటే ముందు 13 ఊళ్లకు 13 ఊళ్లను పోల్చడం ఎందుకు చాలదో చెప్పాలి. ఒక్కో ఊరిలో 20 మంది చొప్పున 520 మంది పిల్లలు ఉన్నారు కదా, చాలరా అనిపిస్తుంది. కానీ ఒకే ఊరి పిల్లలు ఒకే ఉపాధ్యాయుడి దగ్గర, ఒకే వరదల మధ్య, ఒకే రకమైన ఇళ్లలో పెరుగుతారు కాబట్టి వాళ్ల మార్కులు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తాయి. మార్కుల్లోని మొత్తం తేడాలో ఐదో వంతు ఊరికీ ఊరికీ ఉన్న తేడాయే అనుకుంటే, ఈ 520 మంది ఇచ్చే సమాచారం విడివిడిగా ఎంచుకున్న సుమారు 108 మంది ఇచ్చేదానితో సమానం. మీ పరీక్షలో ప్రామాణిక విచలనం 20 మార్కులు అనుకుందాము. అప్పుడు 13కు 13 పోలికలో, నిజంగా ఉన్న తేడాను నూటికి 80 సార్లు పట్టుకోగలగాలంటే ఆ తేడా దాదాపు 11 మార్కులు ఉండాలి. మొదట్లోనే ఒక పరీక్ష పెట్టి, ఆ మార్కులు చివరి మార్కుల్లోని తేడాలో సగాన్ని వివరించగలిగితే ఇది 7 లేదా 8 మార్కులకు దిగుతుంది. ముంబయి, వడోదరల్లో ప్రథమ్ సంస్థ నడిపిన ‘బాలసఖి’ కార్యక్రమం మీ తరగతులకు దగ్గరి పోలిక. స్థానిక యువతులు వెనుకబడిన పిల్లలను 15 నుంచి 20 మంది బృందంగా కూర్చోబెట్టి రోజుకు రెండు గంటలు చదువు చెప్పేవారు. అక్కడ రెండో ఏడాది కనిపించిన మేలు 0.28 ప్రామాణిక విచలనాలు, అంటే మన లెక్కలో ఐదున్నర మార్కులు. మంచి కార్యక్రమం ఇచ్చే మేలు సుమారుగా అంత ఉంటే, మీ 13కు 13 పోలిక దాన్ని చాలాసార్లు పట్టుకోలేదు. ‘తేడా కనపడలేదు’ అన్న మాట ‘తేడా లేదు’గా మారి దాతల చెవిన పడుతుంది. పనిచేసే తరగతి ఆ మాటతో మూతపడితే అంతకంటే అన్యాయం ఉండదు. మీకు కనిపించిన 18 మార్కులు 0.9 ప్రామాణిక విచలనాలకు సమానం అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. అంత మేలు ఏ సాయంత్రపు తరగతి ఇచ్చినా నేను ముందు అనుమానించే చూస్తాను.

బాలసఖి అధ్యయనంలోనే మీకు పనికివచ్చే ఉపాయం ఉంది. వాళ్లు ఏ బడినీ ఖాళీగా వదలలేదు. సగం బడుల్లో మూడో తరగతికి, మిగతా సగంలో నాలుగో తరగతికి బాలసఖిని ఇచ్చారు. మీరు 13 ఊళ్లలో రెండు తరగతులకూ పెట్టే ఖర్చుతో 26 ఊళ్లలోనూ ఒక్కో తరగతికి చదువు చెప్పించవచ్చు. చీటీ నిర్ణయించేది ఏ ఊరిలో మూడో తరగతికి, ఏ ఊరిలో నాలుగో తరగతికి అన్నది మాత్రమే. 13 ఊళ్ల మూడో తరగతిని తక్కిన 13 ఊళ్ల మూడో తరగతితోనూ, నాలుగో తరగతిని నాలుగో తరగతితోనూ పోల్చండి. పోలికలు రెండవుతాయి. ప్రతి ఊరూ ఒక పోలికలో తరగతి ఉన్న వైపు, రెండో పోలికలో లేని వైపు ఉంటుంది కాబట్టి ఊరి మంచిచెడులు చాలావరకు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి, చిన్న తేడాలు కూడా పట్టుబడతాయి. రెండో ఏడు తరగతులను తారుమారు చేయవచ్చు. కార్యకర్తలను వెతుక్కోవడం మాత్రం కష్టమవుతుంది, అది మీకే బాగా తెలుసు. ఇంకొక జాగ్రత్త, మూడు, నాలుగు తరగతులను ఒకే ఉపాధ్యాయుడు ఒకే గదిలో చెప్పే బడి అయితే, ఒక తరగతి భారం తగ్గిందని ఆయన రెండో తరగతి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టవచ్చు. సాయంత్రం అక్క నేర్చుకున్నది రాత్రికి తమ్ముడికి చెప్పనూ వచ్చు. ఇవి తేడాను కొంత తక్కువ చేసి చూపిస్తాయి గానీ లేని తేడాను సృష్టించవు.

చీటీ వేయడానికి ముందు ఊళ్లను జతలు చేయండి. లంక ఊరికి లంక ఊరు, సముద్రం దగ్గరి చౌడు భూముల ఊరికి అలాంటిదే మరొకటి, ప్రైవేటు బడి బస్సులు వచ్చే ఊరికి అవి వచ్చే ఊరు. జతలో ఎవరికి మూడో తరగతి అన్నది ఒక్క చీటీతో తేలాలి. ఇది మార్టేరు పొలంలోని పట్టీల వంటిదే. జతలోని రెండు ఊళ్ల పెద్దల ముందూ ఒక చిన్నపిల్ల చేత చీటీలు తీయించి, అప్పటికప్పుడే రాయించి సంతకాలు పెట్టించండి. ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక అధ్యయనంలో చీటీ పడిన బడి ఏరు దాటించే పంటు ఎక్కి వెళ్లవలసిన చోట ఉందని, దాని బదులు రోడ్డు మీది బడిని తీసుకున్నారు. ఎవరి మనసులోనూ దురుద్దేశం లేదు. అలా మారిన బడులు నాలుగు అని లెక్కలు కట్టే సమయంలో గానీ తెలియలేదు. అందుబాటులో ఉన్న బడులన్నీ ఒకే వైపు చేరాయి, చీటీ వేసిన ప్రయోజనం అంతటితో పోయింది. రెండేళ్ల శ్రమను పక్కన పెట్టవలసి వచ్చింది.

చీటీ పడ్డాక ఎవరు ఏ బృందంలో పడ్డారో వాళ్లను చివరిదాకా ఆ బృందంలోనే లెక్కించాలి. ఇది మనసుకు ఎక్కని నియమమని నాకు తెలుసు. మూడో తరగతికి సాయంత్రపు చదువు పడిన ఊరిలో సగం మంది రాకపోతే, రాని పిల్లలను ఎందుకు కలపాలి అనిపిస్తుంది. కానీ వచ్చినవాళ్లనే విడదీసి చూసిన క్షణాన మీరు మళ్లీ ఆ 61, 43ల దగ్గరికే వెళ్లిపోతారు. మొత్తం పిల్లలను కలిపి చూస్తే తేడా 3 మార్కులు వచ్చిందనీ, చీటీ పడిన పిల్లల్లో నూటికి 60 మంది తరగతికి వచ్చారనీ, చీటీ పడని పిల్లలెవరూ రాలేదనీ అనుకుందాము. అప్పుడు తరగతికి నిజంగా వచ్చిన పిల్లలకు జరిగిన మేలు 3ను 0.6తో భాగిస్తే వచ్చే 5 మార్కులు. ఈ లెక్కకు మొత్తం పిల్లల హాజరు పట్టీ కావాలి. మధ్యలో ప్రైవేటు బడికి మారిన పిల్లను, తల్లిదండ్రులతో వలస వెళ్లిన పిల్లవాడిని కూడా ఇంటికి వెళ్లి పరీక్షించాలి. కొత్త బడికి మారేది బాగా చదివే పిల్లలే అయితే, వాళ్లను వదిలేసిన సగటు ఏదో ఒక వైపు ఒరుగుతుంది.

పరీక్ష పెట్టేవారు ఆ తరగతి చెప్పిన కార్యకర్తలు కాకూడదు. ఏ పిల్ల ఏ బృందమో వాళ్లకు తెలియకపోతే మరీ మంచిది. ప్రశ్నల్లో అక్షరాలు, చిన్న పదాలు చదవడం నుంచి మొదలుపెట్టండి. నాలుగో తరగతి స్థాయి ప్రశ్నలే ఇస్తే సగం మంది సున్నా దగ్గర ఆగిపోతారు, వాళ్లు నేర్చుకున్నది ఎక్కడా కనపడదు. ఏ మార్కును ముఖ్యంగా చూస్తారో ముందే రాసి దాతలకు ఇచ్చేయండి. ఇరవై రకాల మార్కులు చూస్తే ప్రభావం ఏమీ లేకున్నా ఒకటి అదృష్టంతోనే ‘ఫలితం’గా కనిపించడం సహజం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలై, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన పెద్ద అధ్యయనం నుంచి మీరు తీసుకోవలసిన పాఠాలు రెండు ఉన్నాయి. 500 గ్రామీణ ప్రభుత్వ బడులను వందేసి చొప్పున యాదృచ్ఛికంగా ఐదు బృందాలు చేశారు. పిల్లల మార్కుల మెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇచ్చిన బడుల్లో రెండేళ్ల తర్వాత లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేలు కనిపించింది. నేను చెప్పదలచుకున్నది బోనసు గురించి కాదు. ఒక బృందానికి బడి సామగ్రి కోసం గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడు, ఎవరూ ఊహించని గ్రాంటు వల్ల మార్కులు పెరిగాయి. రెండో ఏడు ఆ పెరుగుదల లేదు, ఎందుకంటే గ్రాంటు వస్తుందని తెలిసిన తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు. మీరు నోటు పుస్తకాలు కూడా ఇస్తున్నారు కదా, ఇంట్లో ట్యూషనుకూ పుస్తకాలకూ ఎంత ఖర్చు పెడుతున్నారో మొదటా చివరా అడిగి రాసుకోండి. రెండోది, వేరే వంద బడుల్లో పిల్లల బలహీనతల గురించి ఉపాధ్యాయులకు నివేదికలిచ్చి, అప్పుడప్పుడు బడికి వెళ్లి చూశారు. పరిశీలకుడు ఉన్నప్పుడు ఉపాధ్యాయులు చురుకుగా కనిపించారు, పిల్లల మార్కులు మాత్రం మారలేదు. మీరు తనిఖీకి వెళ్లిన సాయంత్రం కనిపించే ఉత్సాహాన్ని బట్టి తరగతిని అంచనా వేయకండి.

ప్రయోగం చెప్పలేనివీ ఉన్నాయి. ఫలితం ఎంత అన్నది చెబుతుంది, ఎందుకు అన్నది దానంతట అది చెప్పదు, వేరే చోట ఎలా ఉంటుందన్నదీ చెప్పదు. యాంగస్ డీటన్ వంటి ఆర్థికవేత్తలు ఈ విషయమై చేసిన విమర్శలో న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను. కెన్యాలో కాంట్రాక్టు ఉపాధ్యాయులను ఒక స్వచ్ఛంద సంస్థ నియమించి నడిపినప్పుడు మార్కులు పెరిగాయి. అదే పథకాన్ని ప్రభుత్వం నడిపిన బడుల్లో మేలు కనపడలేదు. మీ ఊళ్లలో మీ కార్యకర్తలతో వచ్చిన ఫలితం జిల్లా అంతా వస్తుందని ఎవరికీ మాట ఇవ్వకండి. బాలసఖి ఆగిపోయిన ఏడాది తర్వాత చూస్తే ఆ మేలు సుమారు 0.1కు తగ్గింది. కాబట్టి మీ పిల్లలను కూడా తరగతి ముగిసిన మరుసటి ఏడు ఒకసారి పరీక్షించడానికి ఇప్పుడే కొంత డబ్బు పక్కన పెట్టండి.

జూన్‌లో బడులు తెరవగానే, వరదల కాలానికి ముందే మొదటి పరీక్ష పూర్తి చేయండి, చీటీ ఆ తర్వాతే వేయండి. ఈ లోగా ఒక పని ఉంది. 26 ఊళ్ల జాబితాలో పంటు దాటి వెళ్లవలసినవి ఎన్ని ఉన్నాయో చూసి, వర్షాకాలంలో అక్కడికి మీ కార్యకర్త రోజూ వెళ్లగలరా అన్నది ఆ ఊరివాళ్లతో మాట్లాడి తేల్చుకోండి. నడపలేమనుకున్న ఊరిని ఇప్పుడు తీసేస్తే తప్పు లేదు. చీటీ పడ్డాక తీయడానికి వీలుండదు.